కొబ్బరి దీవిలో ఒక్కపొద్దు

లాల్‌గడి మలక్‌పేటలో దుర్గమ్మ భయం సంగతి అందరికీ తెలుసు. పామన్నా చీకటన్నా భయపడటం వేరు, అది ఎవరికైనా ఉంటుంది. ఆమెకు అమ్మవారంటే భయం. పోచమ్మ ముందు నిలబడితే అందరూ కళ్ళు మూసుకుని దండం పెడతారు. దుర్గమ్మ మూసుకునేది కాదు. రాతికి అతికించిన వెండి కళ్ళవైపే చూస్తూ, తాను రెప్ప వేస్తే ఏం జరుగుతుందో అన్నట్టు నిలబడేది.

ఆ భయం ఊరికే రాలేదు. పెళ్ళయి కౌకూర్ నుంచి ఈ ఊరికి వచ్చిన నాలుగైదేళ్ళకు, ఒక ఆషాఢంలో తల్లిగారింట్లో ఉండిపోయింది. తల్లికి ఒంట్లో బాగాలేదు, నారు ముదిరిపోతోంది. బోనాలనాటికి రాలేకపోయింది. వచ్చే యేడు రెండు బోనాలు ఎత్తుతానని మనసులోనే చెప్పుకుంది. దసరా రాకముందే మూడేళ్ళ కొడుకు అన్వేష్‌కు ఒళ్ళంతా తట్టు పోసింది. వేపమండల మీద పడుకోబెట్టారు. గుమ్మానికి వేపాకు కట్టి, పోపు వాసన కూడా రానీయకుండా ఇల్లు కాచుకున్నారు. ఒకనాడు పొద్దున్నే లేపితే పిల్లవాడు లేవలేదు.

ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. అత్త పద్మమ్మ మాత్రం చాలా రోజుల తర్వాత, బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండా ఒక మాట అంది.

"యేడు మొత్తంల అమ్మ ఒక్కనాడు పిలుస్తది బిడ్డా. గా ఒక్కనాడు గూడ పోకపోతే ఎట్ల?"

ఆ తర్వాత స్రవంతి పుట్టింది. ఆ పిల్ల పదో తరగతికి వచ్చేదాకా దుర్గమ్మ ఒక్క ఆషాఢం తప్పలేదు. జ్వరంతో ఒకసారి, విరిగిన చెయ్యితో ఒకసారి బోనమెత్తింది.

భర్త సిద్దిరాములు ఆ ఊరి పోతరాజు. వాళ్ళ నాయిన చేసిన పనే ఆయనకు వచ్చింది. బోనాలనాడు ఒళ్ళంతా పసుపు పూసుకుని, నడుముకు వేపమండలు చుట్టుకుని, కాళ్ళకు గజ్జెలు, నోట్లో నిమ్మకాయ, చేతిలో పసుపు కొరడా పట్టుకుని ఊరేగింపు ముందు ఆడేవాడు. మిగతా రోజుల్లో ఆయనంత మెత్తని మనిషి లేడు. బర్రెను కూడా "జరుగమ్మా" అని బతిమాలేవాడు. ఆ ఒక్కనాడు మాత్రం కొరడా ఝళిపిస్తే పెద్ద పెద్దవాళ్ళు దారి ఇచ్చేవాళ్ళు. ముందురోజు పొద్దుగూకినప్పటి నుంచి ఒక్కపొద్దు ఉండేవాడు. అన్నం ముట్టుకోడు, చాయ్ తాగడు. అమ్మ ఒంటి మీదికి వచ్చే మనిషి కడుపులో ఎంగిలి ఉండకూడదని వాళ్ళ నమ్మకం.

వాళ్ళు కౌలుకు దున్నుకునే మడి రెండు వేల ఒకటిలో అమ్ముడుపోయింది. కొన్నది గోదావరి జిల్లా ఆసామి. అందరూ ప్లాట్లు పోస్తాడనుకున్నారు. ఆయన చెరువు తవ్వించాడు. చెరువు నడుమ మట్టి దిబ్బ పోయించి, దాని మీద లారీలకొద్దీ ఇసుక పరిపించాడు. తన ఊరి నుంచి కొబ్బరిచెట్లను వేర్లతో సహా తెప్పించి నాటించాడు. పడవ ఎక్కి దిబ్బ మీదికి పోవాలి. గేటు మీద 'కొబ్బరి దీవి' అని బోర్డు పెట్టారు. తుర్కపల్లి కంపెనీలకు వచ్చే తెల్లవాళ్ళు, బొంబాయి వాళ్ళు, సికింద్రాబాద్ నుంచి కార్లలో వచ్చే కుటుంబాలు, అందరూ సముద్రం నడుమ ఉన్నట్టు కాసేపు కూర్చుని పోవాలని ఆయన ఆలోచన. మన ఎర్ర చల్క నేలకు కొబ్బరిచెట్లు ఓర్చుకోలేదు. మట్టలు ఎండిపోతే కోసేసి, వాటి చోట ప్లాస్టిక్ మట్టలు కట్టేవారు. ఆ కట్టే పని సిద్దిరాములుదే. తన మడిలోనే తోటమాలిగా కుదిరాడు.

మేనేజర్ పేరు చక్రపాణి. పూల చొక్కా వేసుకుని తిరిగేవాడు. మరుసటి యేడు ఆషాఢంలో ఊళ్ళో సిద్దిరాములు ఆటను చూసి నోరు తెరిచాడు. దీపావళి పోయాక, దీవికి జనం వచ్చే కాలం మొదలవుతుండగా, నేరుగా ఇంటికే వచ్చాడు.

"చూడు సిద్దిరాములూ, దీవికొచ్చినవాడికి ఏం కావాలి? పండగ కావాలి. గోవా పో, అండమాన్ పో, డప్పో డాన్సో లేకుండా పంపరు. మనం ఆదివారం ఆదివారం పండగ చేద్దాం. ఒక వారం బతుకమ్మ, ఒక వారం హోలీ. నీ బోనాలు మాత్రం ప్రతి వారం ఉండాలి."

"సారూ, బోనాలు ఆషాఢంల జేస్తరు. కార్తీకంల ఎవలన్న జేస్తరా?"

"మావాళ్ళకి ఆషాఢం తెలీదు, కార్తీకం తెలీదయ్యా. ఆదివారం తెలుసు, అంతే. నువ్వు కొరడా పట్టుకో. మీ ఆవిడ కుండ పట్టుకుంటుంది. అరగంట పని."

దుర్గమ్మ తలుపు చాటు నుంచి వింటోంది. సిద్దిరాములు మాత్రం తల గోక్కుని సరేనన్నాడు. కాదంటే తోటపని కూడా ఉండదని ఆయనకు తెలుసు.

మేనేజర్ పోయాక ఆమె బయటికి వచ్చింది.

"చేస్తే చేయి. గని ఒక్కపొద్దు ఇడువద్దు."

సిద్దిరాములు నవ్వాడు. "ఆటకు ఒక్కపొద్దేందే? గా సారు మనల్ని కోతులాడిచ్చినట్టు ఆడిపిస్తుండు. కోతి ఒక్కపొద్దుంటదా?"

"ఆమెకు ఆటేందో పూజేందో ఎర్కనా? డప్పు ఇనబడితె వస్తది. వచ్చేటాల్లకు నీ కడుపుల యాటకూర ఉంటే?"

సిద్దిరాములు నవ్వు ఆగిపోయింది. అన్వేష్ పేరు ఎత్తకుండానే ఇద్దరికీ గుర్తొచ్చాడు. "సరే తీ, ఉంట" అన్నాడు.

అంతకుముందు వానాకాలంలోనే ఆయన కాలికి ముల్లు గుచ్చుకుని పుండు మానకపోతే, షామీర్‌పేట దవాఖానకు పోయారు. పరీక్ష చేసి షుగర్ అన్నారు. గోళీలు ఇచ్చారు. గోళీ వేసుకున్నాక తప్పకుండా తినాలి, వేళకు తినాలి, తీపి తగ్గించాలి అని డాక్టర్ చెప్పాడు. ఇంటికి వచ్చి చెప్పేటప్పటికి సిద్దిరాములుకు సగమే గుర్తుంది.

"గోలీ ఇడువద్దట. తీపి ముట్టొద్దట."

దుర్గమ్మ ఆ రెండూ గట్టిగా పట్టుకుంది. గోళీ తానే చేతికి ఇచ్చేది. బెల్లం డబ్బా అటక మీద పెట్టేసింది. ప్రసాదం కూడా ఆయన చేతిలో పడనిచ్చేది కాదు.

ఆదివారాలు మొదలయ్యాయి. దీవి మీద ప్లాస్టర్‌తో చేసిన అమ్మవారి బొమ్మ పెట్టారు. ఫోటోలో బాగా పడాలని నాలుక పెద్దగా చేయించారు. దుర్గమ్మకు రంగులు వేసిన తేలిక కుండ ఇచ్చారు. మీద దీపం ఉండదు, చీర అంటుకుంటుందని మూతకు బ్యాటరీ బల్బు బిగించారు. లోపల ఏమీ లేదు.

"ఉత్త కుండ నెత్తిన పెట్టుకుంటవా?" అంది అత్త. "ఉత్త కుండ ఎదురొస్తెనే పని చెడుతది. నువ్వు దాన్ని నెత్తినెత్తుకుని ఊరేగుతవా?"

దుర్గమ్మకు ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం తెల్లవారుజామున స్నానం చేసి, పాలల్లో బియ్యం వండి, బెల్లం వేసి, ఎవరికీ తెలియకుండా ఆ రంగుల కుండలో నింపుకుని పోయేది. ఆట అయ్యాక ఆ అన్నాన్ని గిన్నెలోకి మార్చి, కొంగు కింద దాచుకుని తెచ్చి, ఊరి చివర వేపచెట్టు కింది పోచమ్మకు పెట్టేది. అప్పుడు గానీ ఆమెకు ఊపిరి ఆడేది కాదు. అమ్మ పేరు మీద వండింది అమ్మకు ముట్టకముందు మనిషి నోట పడకూడదు.

మొదట్లో ఆట పొద్దున పదింటికి ఉండేది. ఇంటికి రాగానే సిద్దిరాములు రెండు రొట్టెలు తిని పడుకునేవాడు. సంక్రాంతి దాటాక దీవికి వచ్చేవాళ్ళు భోజనాలు చేసి తీరికగా వస్తున్నారని సాయంత్రానికి మార్చారు. ఒక్కపొద్దు కూడా సాయంత్రం దాకా సాగింది. గోళీ మాత్రం పొద్దున్నే పడేది.

ఆ మొదటి సాయంత్రమే దుర్గమ్మ ఏదో తేడా కనిపెట్టింది. ఆట అయిపోయింది, డప్పులు ఆగాయి, ఆయన చేతులు మాత్రం వణుకుతూనే ఉన్నాయి. పడవలో కూర్చుంటే పసుపు మీద నుంచి చెమట కాలువలు కట్టింది. కొబ్బరిమట్టలు ఊగే గాలిలో అందరికీ చలి పెడుతోంది.

"ఏమైందయ్యా?"

ఆయన ఆమెవైపు తిరిగాడు. చూపు ఆమె దగ్గర ఆగలేదు. "ఎవలు నువ్వు?" అన్నాడు.

ఇంటికి వచ్చి రొట్టె తిన్నాక మామూలు మనిషయ్యాడు. ఏమీ గుర్తులేదన్నాడు. దుర్గమ్మ అత్త దగ్గరికి పోయి మెల్లగా చెప్పింది.

"పిలువంగ పిలువంగ వచ్చింది" అంది పద్మమ్మ. "ఆమెను వచ్చేదాక పిలిచి, పంపకుండ ఇంటికొస్తున్నరు. ఒక్కపొద్దుల ఏదో లోపమున్నది. చూసుకో."

దుర్గమ్మ చూసుకుంది. మరుసటి వారం నుంచి మంచినీళ్ళు కూడా వద్దంది. సిద్దిరాములు ఎదురు చెప్పలేదు. ఆయనకూ భయం పట్టుకుంది. ఆ వారం వణుకు ఇంకా ఎక్కువయింది. పై వారం ఆట నడుమ గౌరయ్య మీద కొరడా ఎత్తాడు. గౌరయ్య డప్పు దళానికి పెద్ద, వరసకు తమ్ముడు. నవ్వుతూ పక్కకు తప్పుకున్నాడు గానీ, పడవలో దుర్గమ్మ పక్కన కూర్చుని గుసగుసగా అన్నాడు.

"వదినె, అన్న నన్ను గుర్తువడుతలేడు. గా కండ్లు అన్నయి గావు."

ఆ మాట దుర్గమ్మను వారమంతా వెంటాడింది. వంట చేస్తున్నా, కళ్ళాపి చల్లుతున్నా, అన్నయి గావు, అన్నయి గావు అని వినిపించేది. పక్కన పడుకున్న మనిషి ఊపిరి తీస్తుంటే అది ఆయన ఊపిరేనా అని చెవి పెట్టి వినేది. కొడుకును తీసుకున్నట్టే ఈయననూ తీసుకుంటుంది, ఈసారి చెప్పి మరీ తీసుకుంటుంది అనుకునేది.

"ఇగ వద్దయ్యా. మానేద్దం" అంది ఒకనాడు.

"ఇప్పుడు మానితె మంచిగుంటదా? వచ్చినామెను నడుమ ఇడిచిపెట్టి పోతమా?" అన్నాడు సిద్దిరాములు. ఆమె భయాన్నే ఆయన ఆమెకు తిరిగి చెప్పాడు.

మాఘంలో ఒక ఆదివారం. తుర్కపల్లి కంపెనీ వాళ్ళు కుటుంబాలతో వచ్చారు, తెల్లవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ సంచులు ఒడ్డున గదిలో పెట్టించి, మెడలో పూలదండలు వేసి, పడవలో దీవికి చేర్చారు. పడవ నడిపే బాలరాజు మిగిలినవాళ్ళ కోసం తిరిగి ఒడ్డుకు పోయాడు. మైకు పట్టుకుని చక్రపాణి ఇంగ్లీషులో ఏదో చెబుతున్నాడు.

డప్పులు మొదలయ్యాయి. దుర్గమ్మ కుండ ఎత్తుకుని బొమ్మ పక్కన నిలబడింది. సిద్దిరాములు ఆ రోజు పొద్దున్నుంచే మాట్లాడలేదు. గోళీ ఇస్తే మింగాడు, అంతే. దూకుతూ వచ్చి ఇసుకలో ఒక చుట్టు తిరిగాడు. రెండో చుట్టులో నోట్లోని నిమ్మకాయ జారి పడింది. పోతరాజు నోటి నుంచి నిమ్మకాయ పడటం దుర్గమ్మ ఎన్నడూ చూడలేదు.

ఆయన కొబ్బరిచెట్టును కొరడాతో కొట్టడం మొదలుపెట్టాడు. ఒకే చోట, ఒకే చెట్టును. కట్టిన ప్లాస్టిక్ మట్ట ఊడి కింద పడింది. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టారు. కెమెరాలు మెరిశాయి. ఆట చాలనుకుంటే ఆయన కొరడాను తల మీద అడ్డంగా పట్టి గౌరయ్యకు సైగ చేస్తాడు. గౌరయ్య ఆ సైగ కోసం చూస్తున్నాడు. అది రావడం లేదు. పూనకం ఉండగా డప్పు ఆపితే మనిషికి ప్రమాదమని వాళ్ళు ఆపరు. డప్పు ఆగదు, కొరడా ఆగదు.

"వదినె!" అని అరిచాడు గౌరయ్య. "అన్న సైగ జేస్తలేడు!"

సిద్దిరాములు తూలుతూ వచ్చి ముందు వరుసలో కూర్చున్న పెద్దావిడ మీద చెయ్యి ఆనించాడు. ఆమె పేరు సుశీల. కంపెనీలో పనిచేసే కొడుకు వెంట సికింద్రాబాద్ నుంచి వచ్చింది. చుట్టుపక్కల వాళ్ళు జడిసి లేచారు. ఆమె లేవలేదు. ఆయన చెయ్యి పట్టుకుని చూసింది. ఆయన మోకాళ్ళ మీద ఇసుకలో కూలబడ్డాడు.

దుర్గమ్మ కుండతోనే పరుగెత్తింది. భుజం మీద చెయ్యి వేస్తే తోసేశాడు. "ఎవలే... నువ్వు..." మాట ముద్దగా వచ్చింది. గడ్డం కింద చెమట కారుతోంది. ఒళ్ళు మంచులా ఉంది. ఆ పొద్దున లేపినప్పుడు అన్వేష్ ఒళ్ళు కూడా ఇట్లాగే చల్లగా ఉండింది.

"ఇటు చూడమ్మా" అంది సుశీల. "మీ ఆయనకు షుగరున్నదా?"

"ఉన్నదమ్మా."

"పొద్దుగాల గోలీ ఏసుకున్నడా?"

"ఏసుకున్నడు."

"ఏం తిన్నడు?"

"ఏం తినలేదమ్మా. ఒక్కపొద్దు."

సుశీల నెత్తి కొట్టుకుంది. "అయ్యో తల్లీ! గోలీ ఏసుకుని పొద్దంత ఉపాసమా? షుగర్ పడిపోయింది. మా ఆయనకు ఇట్లనే అయితుండె. తీపి పెట్టాలె. చక్కెరో, బెల్లమో, ఏదన్న. జల్దీ!"

"షుగరున్నోనికి తీపా?" దుర్గమ్మ గొంతు కీచుగా వచ్చింది. "సచ్చిపోడా అమ్మా?"

"పెట్టకపోతె సస్తడు! నా మాట ఇను."

చక్రపాణి మైకు వదిలి వచ్చాడు. సంగతి తెలిసి ఒడ్డువైపు చేతులు ఊపుతూ కేకలు వేశాడు. వంటశాల ఆ ఒడ్డున ఉంది. పడవ కూడా ఆ ఒడ్డునే ఉంది, బాలరాజు జనాన్ని ఒక్కొక్కరినీ ఎక్కిస్తున్నాడు. డప్పుల మోతలో అటు ఎవరికీ ఏమీ వినపడటం లేదు.

దుర్గమ్మ నెత్తి మీది కుండ దించింది.

"అదెందుకమ్మా ఇప్పుడు? ఉత్త కుండ!" అని కసిరాడు చక్రపాణి.

"ఉత్తది గాదు సారూ."

బల్బు బిగించిన మూత తీసింది. లోపల బెల్లపన్నం ఉంది. చెయ్యి పెట్టి ఒక ముద్ద తీసింది. ముద్ద చేతిలోనే ఆగిపోయింది. అమ్మకు వండింది అమ్మకు ముట్టలేదు. ఒక్క యేడు పెట్టనందుకు కొడుకు పోయాడు. పెట్టాల్సింది లాగి మొగుని నోట్లో పెడితే ఈసారి ఎవరు పోతారు? ఇక మిగిలింది స్రవంతి ఒక్కతే.

సుశీల ఆమె మొహంలోకి చూసింది. "నువ్వు పెడ్తవా, నన్ను పెట్టుమంటవా?" అంటూ కుండవైపు చెయ్యి చాపింది.

బోనంలో పరాయి చెయ్యి పడబోతుంటే దుర్గమ్మ తెలియకుండానే కుండను తనవైపు లాక్కుంది. ఆ ఊపులోనే రెండో చెయ్యి ముద్దను సిద్దిరాములు పెదాల మధ్యకు తోసింది. ఆయన పళ్ళు గిట్టకరిచి ఉన్నాయి. సుశీల చెప్పినట్టు బుగ్గ లోపలికి కొద్దికొద్దిగా రాసింది. బెల్లం కరిగి గొంతులోకి దిగింది. ఒక గుటక పడింది. ఇంకో ముద్ద పెట్టింది. "మింగు... మింగయ్యా... నీ కాల్మొక్కుత, మింగు."

చుట్టూ జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. పోతరాజుకు భార్య ప్రసాదం తినిపించడం ఆచారమనుకున్నారు వాళ్ళు. ఒక తెల్లామె కళ్ళు తుడుచుకుంటోంది. గౌరయ్య చేతులు మాత్రం డప్పు మీద ఆగిపోయాయి. ఆగకూడదని తెలిసీ ఆగిపోయాయి.

ఎంతసేపో దుర్గమ్మకు తెలియదు. కుండలో సగం అయిపోయింది. సిద్దిరాములు మెడ తిప్పి అటూ ఇటూ చూశాడు.

"ఏందే, గింతమంది ముందర నోట్ల కుక్కుతున్నవ్? సిగ్గులేదా?" అన్నాడు.

ఆమె ఏడవలేదు. నీళ్ళ అంచుకు పోయి చెయ్యి కడుక్కుంది.

సుశీల వదిలిపెట్టలేదు. తన కొడుకు కారులోనే దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ డాక్టర్ అన్నీ విని, దుర్గమ్మ వైపు చూసి అడిగాడు. "ఇట్ల ఎన్ని వారాల సంది ఉంచుతున్నరు ఈయనను ఉపాసం?"

ఆమె వారాలు లెక్కపెట్టుకుంది. నీళ్ళు కూడా వద్దన్నది తానే. వణుకు పెరిగిన కొద్దీ ఒక్కపొద్దు బిగించింది తానే. ఏ చేతులు ఆయనను తీసుకుపోతున్నాయని రోజూ భయపడిందో, ఆ చేతులు తన భుజాలకే ఉన్నాయి.

మరుసటి వారం చక్రపాణి ఇంటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడే మొదలుపెట్టాడు.

"ఒంట్లో బాగుందా సిద్దిరాములూ? ఏమైనా అను, మొన్న అందరూ ఆ తినిపించే సీన్ గురించే మాట్లాడారు. కంపెనీవాళ్ళు మళ్ళీ వస్తామన్నారు. దాన్ని ఉంచేద్దామా?"

దుర్గమ్మ ఎప్పుడూ ఆయన ముందుకు వచ్చి మాట్లాడలేదు. ఆ రోజు వచ్చింది. "గది సీను గాదు సారూ. మా ఆయన పానం."

"అదేనమ్మా, అందుకే అంత సహజంగా ఉంది."

"ఇగ మేము రాము" అన్నాడు సిద్దిరాములు మంచం మీద నుంచి. "చెట్లకు మట్టలు గడుత. కొరడా పట్ట."

మేనేజర్ వేరే దళాన్ని కుదుర్చుకున్నాడు. సిద్దిరాములు పని పోతుందనుకున్నారు గానీ పోలేదు. ఆ ఎండుతున్న చెట్లెక్కి మట్టలు కట్టేవాడు మళ్ళీ దొరకడు కదా.

దుర్గమ్మకు మాత్రం అక్కడితో అయిపోలేదు. ఆ ఆదివారం రాత్రే దవాఖాన నుంచి ఇంటికి వచ్చి మళ్ళీ అన్నం వండి పోచమ్మకు పెట్టింది. ఎంగిలైన బోనానికి అది సాటి రాదని ఆమెకు తెలుసు. స్రవంతి దగ్గితే లేచి కూర్చునేది. పిల్ల ఒంటి మీద చెమటకాయ లేస్తే దీపం తెచ్చి చూసేది. బడి నుంచి రావడం ఆలస్యమైతే రోడ్డు దాకా వచ్చి నిలబడేది. వేసవి పోయింది. పిల్ల పదో తరగతి పాసైంది. ఏమీ జరగలేదు. జరగకపోవడం కూడా ఆమెను భయపెట్టింది. అమ్మ ఆషాఢం కోసం కాచుకుని కూర్చుందేమో అనుకుంది.

ఆషాఢం రానే వచ్చింది. ఇది దీవి ఆట కాదు, ఊరి బోనాలు. పొద్దున్నే సిద్దిరాములు స్నానం చేసి కూర్చున్నాడు. దుర్గమ్మ ఒక చేత్తో గోళీ, ఒక చేత్తో కంచం పట్టుకుని వచ్చింది. కంచంలో రెండు జొన్నరొట్టెలు, పప్పు ఉన్నాయి.

పద్మమ్మ మంచం మీద నుంచి లేచింది. "ఏందే గిది? పోతరాజుకు రొట్టెలు పెడుతున్నవా? ఊరు మొత్తాన్ని ఆగం జేస్తవా?"

సిద్దిరాములు కంచం వైపు చూడలేదు. "వద్దే. గోలీ ఇడుస్త. ఒక్కనాటికి ఏం గాదు."

"గోలీ ఇడిస్తె పుండు లేస్తదన్నడు డాక్టరు. తినకపోతె గట్లనే పడిపోతవు. రెండు జూసిన నేను."

"ఊరోల్లకు తెలిస్తే?"

"నేను పెట్టిన్నని చెప్పు."

"అమ్మకు తెలిస్తే?"

దుర్గమ్మ కంచాన్ని నేల మీద పెట్టి ఆయన ఎదురుగా కూర్చుంది.

"నీ ఒక్కపొద్దు గూడ నేనే పడుత. నాది ఒకటి, నీది ఒకటి. రేపు పొద్దుగూకేదాక మంచినీళ్ళు ముట్ట. నువ్వు తిను."

"ఒగల ఒక్కపొద్దు ఒగలు పడతరానే?" అంది పద్మమ్మ.

"ఎందుకు పడరత్తా? పిల్లలు మొక్కిన మొక్కు తల్లి తీరుస్తలేదా? గీయనకు జరమొచ్చినప్పుడు నువ్వు పోయి పొర్లుదండాలు పెట్టలే?"

అది నిజమే. కొడుకు చిన్నప్పుడు ఆయన బదులు గుడి చుట్టూ పొర్లింది పద్మమ్మే. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. "నేను జూడలేదు. నాకు కండ్లు కనవడయి" అంది.

సిద్దిరాములు రొట్టె తుంచాడు. దొంగతనం చేసినట్టు తిన్నాడు.

ఊరేగింపులో దుర్గమ్మ బోనమెత్తుకుని ఆయన వెనకే నడిచింది. ఎండిన నాలుక అంగిటికి అంటుకుపోయింది. కొరడా లేచినప్పుడల్లా ఆమె గుండె లేచి పడింది. నిమ్మకాయ నోట్లో ఉందా? కాలు తడబడిందా? చూపు ఎటుంది? ఇటు ఆయనను చూస్తూనే, ఎదురుగా గుడి గుమ్మం దగ్గరపడుతుంటే అటూ చూసింది. ఆపద ఏ పక్క నుంచి వచ్చి పడుతుందో తెలియని మనిషి లాగా నడిచింది. మలుపు దగ్గర జనం ఒత్తిడిలో ఆయన వీపుకు ఆమె చెయ్యి తగిలింది. కాలుతున్న పెనంలా వేడిగా ఉంది. అంత వేడిని తాకి ఆమె ఎన్నడూ అంత సంతోషపడలేదు.

గుడి ముందు ఆయన కొరడా తల మీద అడ్డంగా పట్టాడు. గౌరయ్య డప్పు ఆపాడు. మరునాడు పొద్దుగూకాక దుర్గమ్మ నీళ్ళు తాగింది. రెండు ఒక్కపొద్దులకు రెండు చెంబులు తాగింది.

కొబ్బరి దీవి ఐదారేళ్ళే నడిచింది. చెట్లన్నీ పోయాక దిబ్బను తోసేసి, చెరువు పూడ్చి, చివరికి ప్లాట్లే పోశారు. సిద్దిరాములు అక్కడే కొన్నాళ్ళు కాపలా ఉన్నాడు. కాలి నొప్పితో ఆట మానేసి కొరడాను గౌరయ్య అల్లుడు ధర్మేందర్‌కు ఇచ్చాడు. స్రవంతికి పెళ్ళయింది, ఒక కొడుకు పుట్టాడు. దుర్గమ్మ భయం ఎక్కడికీ పోలేదు. మనుమడి ఒళ్ళు కాస్త వెచ్చబడితే ఇప్పటికీ వేపాకు గుమ్మానికి కడుతుంది. కట్టి, వెంటనే ఆటో పిలిపించి దవాఖానకు పోతుంది.

ధర్మేందర్ మొదటి యేడు ఆడుతూ వాళ్ళ వాకిటి ముందుకు వచ్చినప్పుడు, దుర్గమ్మ అడ్డం పోయి నిలబడింది. పోతరాజుకు ఎవరూ అడ్డం పోరు. జనం 'ఏయ్, ఏయ్' అన్నారు. ఆమె కొంగు ముడి విప్పి బెల్లం ముక్క తీసింది.

"నోరు తెరువు బిడ్డా."

ధర్మేందర్ నిమ్మకాయ చేతిలోకి తీసుకుని బిత్తరపోయి చూశాడు. "ఒక్కపొద్దున్న అత్తా!"

"ఉండు. ఎవలొద్దన్నరు? నీది గూడ నేను పడుతున్న పొద్దటి సంది. నాకేం షుగరు లేదు, ఏం లేదు. తెరువు."

ఆ పిల్లవాడు మామ వైపు చూశాడు. గౌరయ్య డప్పు పట్టుకుని, ఏమీ చూడనట్టు మెల్లగా అటు తిరిగాడు. మిగతావాళ్ళు కూడా ఆయన వెంట తిరిగారు. వీపులు ఇటు పెట్టి, ఇంకా గట్టిగా కొట్టడం మొదలుపెట్టారు.